మా తమ్ముడు ర్యాలీ గొడవ కేసులో ఏ-27, ఇప్పుడేం చేయాలి?

సింగ్‌నగర్_అక్క
మా తమ్ముడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఈమధ్య మా వైపు జరిగిన ర్యాలీ గొడవలో వాడి పేరు ఎఫ్‌ఐఆర్‌కి ఎక్కింది, ఏ-27, అంటే 27వ నిందితుడు. ఏ పార్టీ, ఏ సెంటరు అన్నది ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. స్నేహితులు పిలిచారని వెళ్లాడు. రెండు గుంపులు ఎదురుపడ్డాయి, రాళ్లు లేచాయి, ఎవరిదో బండి తగలబెట్టారు, ఒక కానిస్టేబుల్‌కి తల పగిలింది. మావాడు రాయి విసురుతున్నట్టు ఒక రీల్‌లో కనిపిస్తున్నాడు. బండి జోలికి పోలేదని అమ్మ మీద ఒట్టేసి చెప్తున్నాడు. కానీ కాగితం చూస్తే బండి కాల్చిన సెక్షనూ, పోలీసును కొట్టిన సెక్షనూ అన్నీ వాడి మీద ఉన్నాయి. చేయని పనికి కేసు ఎలా పెడతారు? బుడమేరు వరదకి ఇల్లు మునిగినప్పటి అప్పే ఇంకా తీరలేదు, నాన్న రెండ్రోజులుగా అన్నం ముట్టుకోవట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బెంజిసర్కిల్_బుల్లోడు
ముందు ఆ రీల్ డిలీట్ చేయించండి. ఫోన్ ఫార్మాట్ కొట్టించేయండి. కుర్రాణ్ణి హైదరాబాదులో చుట్టాలింటికి పంపేయండి. వేడి చల్లారాక చూసుకోవచ్చు.

బందరురోడ్డు_ప్లీడరు
పై సలహాలో ఒక్క ముక్క కూడా పాటించకండమ్మా. సాక్ష్యం మాయం చేయడం దానికదే నేరం, బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 238. ఆ రీల్ ఈపాటికి స్టేషన్‌కి చేరే ఉంటుంది. ఇప్పుడు ఫోన్ చెరిపితే ఇంకో సెక్షన్ తగిలించడానికి మనమే దారి చూపినట్టు. పారిపోతే రేపు బెయిల్ పిటిషన్ మీద అదే మొదటి అభ్యంతరం.

ఇక మీ ప్రశ్న. ఐదుగురు, అంతకు మించి జనం నేరం చేసే ఉద్దేశంతో గుమిగూడితే చట్టవిరుద్ధ సమూహం, సెక్షన్ 189. ఆ గుంపు బలప్రయోగానికి దిగితే అల్లర్ల నేరం, 191(2), రెండేళ్ల దాకా. చేతిలో మారణాయుధం ఉంటే 191(3), ఐదేళ్ల దాకా. అసలు పీటముడి 190వ సెక్షన్. పాత ఐపీసీలో 149 అనేవాళ్లం. గుంపు ఉమ్మడి ఉద్దేశం నెరవేర్చడానికి అందులో ఎవరు ఏ నేరం చేసినా, ఆ సమయంలో గుంపులో ఉన్న ప్రతివాడూ చేసినట్టే లెక్క. అగ్గిపుల్ల వేరేవాడు గీసినా సరే. అందుకే బండి కాల్చిన 326(ఎఫ్), పోలీసును గాయపరిచిన 121(1) మీ తమ్ముడి దాకా వచ్చాయి. 2024 జూలై 1 నుంచి కొత్త నంబర్లు వచ్చాయి గానీ సూత్రం పాతదే.

సెక్షన్ పడ్డంత మాత్రాన రుజువైనట్టు కాదు. 109, అంటే హత్యాయత్నం, ఉందో లేదో చూసి చెప్పండి. దాన్ని బట్టే మిగతా కథ.

సింగ్‌నగర్_అక్క
109 లేదు సర్. 189, 191(2), 121(1), 326(ఎఫ్), అన్నీ 190తో కలిపి అని ఉంది. పీడీపీపీ యాక్టు అని కూడా ఉంది. అదేంటి?

కృష్ణలంక_కుర్రోడు
అంటే పక్కన నిలబడి చూసినోడు కూడా బుక్కేనా సార్? మా సందులో గొడవైతే ఊరంతా వచ్చి చూస్తుంది.

బందరురోడ్డు_ప్లీడరు
@సింగ్‌నగర్_అక్క పోలీసు జీపు అద్దమో, ఆర్టీసీ బస్సు అద్దమో పగిలి ఉంటుంది. పీడీపీపీ అంటే ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగిస్తే పెట్టే చట్టం, 1984లో వచ్చింది. మామూలు నష్టమైతే ఐదేళ్ల దాకా. నిప్పు పెడితే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా. మీరు చెప్పినదాన్ని బట్టి కాలింది ప్రైవేటు బండి, అది ఈ చట్టం కిందికి రాదు. పీడీపీపీలో ఏ క్లాజు రాశారో ఎఫ్‌ఐఆర్ కాపీలో చూసుకోండి.

పీడీపీపీలో నిప్పు క్లాజు పెట్టకపోతే, మీరు రాసినవాటిలో ఏదీ ఏడేళ్లు దాటదు. అలాంటి కేసుల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) నోటీసు ఇచ్చి పిలవాలి. పాత 41ఏ అదే. ఏడేళ్ల దాకా శిక్షలున్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసు వస్తే చెప్పిన రోజుకి వెళ్లాలి. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది.

@కృష్ణలంక_కుర్రోడు వేడుక చూసినంత మాత్రాన ముద్దాయి కాడు. 1964లో మసాల్టి కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా మాట్లాడింది. గుంపులో ఉన్నాడు సరే, ఆ గుంపు ఉద్దేశం వాడిది కూడానా అన్నది తేలాలి. పెద్ద గుంపుల కేసుల్లో ఒక్క సాక్షి మాట మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురు సాక్షులు పొంతన ఉన్న మాట చెప్పారా అని చూడటం మంచిదని కూడా అదే తీర్పులో ఉంది. కానీ రాయి పట్టుకున్నవాణ్ణి వేడుక చూసేవాడు అనలేం.

కృష్ణలంక_కుర్రోడు
ఇకనుంచి మేడ మీద నుంచే చూస్తా.

రిటైర్డ్_హెచ్‌సీ_గుంటూరు
@కృష్ణలంక_కుర్రోడు మేడ మీద నుంచి చూస్తే వీడియో తీస్తావు, వీడియో తీస్తే సాక్షిగా సమన్లొస్తాయి. లోపలికెళ్లి టీవీ పెట్టుకో నాయనా.

నా సర్వీసు మొత్తం గుంటూరు జిల్లాలోనే. ఎఫ్‌ఐఆర్‌లో కొన్ని పేర్లు రాసి చివర "ఇంకా మరికొందరు" అని పెడతారు. ఆ మాట చాలా పెద్ద సంచి. తర్వాత సీసీ కెమెరాలు, ఫోన్ వీడియోలు, టవర్ లొకేషన్లు చూసి అందులోకి మనుషుల్ని చేరుస్తూ పోతారు. 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక దర్యాప్తు చేసినవాళ్లు వాట్సాప్ గ్రూపులు కూడా తవ్వారు. ముఖానికి కర్చీఫ్ కట్టుకున్నా చొక్కా, చెప్పులు, బండి నంబరు పట్టిస్తాయి. పారిపోవడం దండగ అని అందుకే అంటున్నా.

ఇంకోమాట ఈ అమ్మాయికి చెప్పాలి. తల పగిలిన కానిస్టేబుల్ గురించి ఒక్క లైనే రాశావమ్మా. బందోబస్తులో నిలబడ్డప్పుడు రాయి ఎవడు వేశాడో మాకు కనపడదు. ఎదురుగా వచ్చేదాన్ని షీల్డుతో కాచుకుంటాం, పైనుంచి పడేది ఎక్కడ తగులుతుందో తెలీదు. నా పక్కన నిలబడ్డ కుర్రాడికి హెల్మెట్ పట్టీ ఊడి చెవి పైన తగిలింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. అతనూ డిగ్రీ చదివి పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చినవాడే, అతనికీ ఒక అక్క ఉంది.

సింగ్‌నగర్_అక్క
అలా రాయాల్సింది కాదు అంకుల్. ఆయన ఏ ఆసుపత్రిలో ఉన్నారో కూడా మేము అడగలేదు.

వన్‌టౌన్_కిరాణా
ఇప్పటిదాకా అందరూ ముద్దాయి గురించే మాట్లాడుతున్నారు. ఆ కాలిన బండి ఎవరిది?

1988 డిసెంబర్ 26న వంగవీటి మోహనరంగా హత్య జరిగాక విజయవాడ ఎలా తగలబడిందో ఇక్కడ యాభై దాటినవాళ్లందరికీ తెలుసు. మా నాన్నకి ఆ హత్యతో సంబంధం లేదు, ఏ పార్టీతోనూ లేదు. మార్కెట్ దగ్గర చిన్న కిరాణా కొట్టు. కర్ఫ్యూ సడలించాక నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. బెల్లం దిమ్మలు కరిగి గుమ్మం దాకా పారి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. నాన్న సరుకు వైపు చూడలేదు. గల్లాపెట్టె కింద అరలో చేయిపెట్టి పద్దుల పుస్తకం కోసం వెతికాడు. అదీ కాలిపోయింది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసింది అందులోనే. కొందరు మంచివాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి ఇచ్చారు. చాలామంది నాకేం గుర్తులేదన్నారు. సరుకు పోతే ఆరునెలల్లో కోలుకునేవాళ్లం, ఆ పుస్తకం పోవడం వల్ల నా చదువు ఆగిపోయింది.

మా కొట్టు తగలబెట్టినవాళ్లలో ఒక్కడికీ శిక్ష పడలేదు. "గుంపులో ఎవరో చేశారు" అన్నారు. అందుకే ఆ 190వ సెక్షన్ నాకు అన్యాయంగా అనిపించదు. గుంపు లేకపోతే ఆ అగ్గిపుల్ల గీసే ధైర్యం ఎవడికీ రాదు.

లబ్బీపేట_టీచర్
@వన్‌టౌన్_కిరాణా మీ బాధ అర్థమైంది అన్నా. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు వేసిన ఒక రాయికి బండి కాల్చిన కేసు కూడా మోయాలా? మా కాలేజీలో పిల్లల్ని చూస్తాను కదా. ఫ్లెక్సీ కట్టడానికి ఒకడు పిలుస్తాడు, బిర్యానీ ప్యాకెట్ ఇంకొకడిస్తాడు. పిలిచిన నాయకుడు ఏ-1గా కూడా ఉండడు. కింద పిల్లలు ఏ-20, ఏ-30గా మిగిలిపోతారు.

వన్‌టౌన్_కిరాణా
@లబ్బీపేట_టీచర్ నాయకుణ్ణి వదలమని నేననలేదు మేడం. ఆయన్ని ఏ-1గా పెట్టండి, చప్పట్లు కొడతాను. కానీ బిర్యానీ తిన్నవాడికి చేతిలోకి రాయి ఎలా వచ్చింది?

సత్యనారాయణపురం_సుబ్బు
రైల్వేలో చేసి రిటైరయ్యాను, నాకు తెలిసిన కేసు చెప్తా. 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబెట్టారు. విశాఖ నుంచి మన బెజవాడకి వచ్చే బండి. ప్రయాణికులు సామాన్లు వదిలేసి పట్టాల మీద దిగి పరిగెత్తారు. ఆ కేసు విజయవాడ రైల్వే కోర్టులోనే నడిచింది. 2023 మే 1న 41 మంది మీద కేసు కొట్టేశారు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని కోర్టు తప్పుపట్టింది.

బెంజిసర్కిల్_బుల్లోడు
చూశారా, రైలు తగలబెట్టిన కేసే కొట్టేశారు. స్కూటీ కేసు ఎంత? అదీ కాకపోతే గవర్నమెంటు మారితే ఎత్తేస్తారు. ఊరికే ఆ అమ్మాయిని భయపెట్టకండి.

సత్యనారాయణపురం_సుబ్బు
@బెంజిసర్కిల్_బుల్లోడు నువ్వు సగమే చదివావు. ఏడేళ్లు దాటింది బాబూ. ఆ 41 మంది ఏడేళ్లు ముద్దాయిలుగానే బతికారు. ఇటుపక్క చూస్తే, అంత పెద్ద రైలు పట్టపగలు తగలబడితే అది ఫలానావాడు చేశాడని ఆ కోర్టులో తేలలేదు. రెండూ నష్టాలే. ఇందులో సంబరపడేదేముంది?

బ్రాడీపేట_4వలైను
ఏడేళ్లంటే ఏంటో నేను చెప్తాను. కాలేజీ రోజుల్లో ఒక ధర్నాలో రాళ్లు పడ్డాయి, గుంటూరులోనే. నేను ఏ-19. చివరికి కేసు కొట్టేశారు. కానీ కొట్టేసేలోపు నాకు పెళ్లయి పాప కూడా పుట్టింది.

వాయిదా అంటే బయటివాళ్లకి తెలీదు. పొద్దున పదింటికల్లా కోర్టు హాలు బయట ఉండాలి. బంట్రోతు వరుసగా పేర్లు పిలుస్తాడు. ఆ పిలుపుకి లోపలికెళ్లి చేతులు కట్టుకుని నిలబడాలి. ముప్పై మందిలో ఇద్దరు రాకపోతే ఆ రోజు పని జరగదు, వాళ్లకి వారెంట్, మనకి మళ్లీ వాయిదా. ఒకడు దుబాయ్ వెళ్లిపోయాడు. వాడి కోసం ఎన్నో నెలలు ఆగి, చివరికి వాడి కేసు విడగొట్టాక మా విచారణ మొదలైంది. ఒంట్లో బాగోకపోతే ప్లీడరు చేత గైర్హాజరు పిటిషన్ వేయించాలి. మేం 317 పిటిషన్ అనేవాళ్లం. అది మర్చిపోతే ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంట్. ప్రైవేటు ఉద్యోగంలో నెలనెలా "కోర్టు పని ఉంది సార్" అని చెప్పి చూడండి, రెండో ఏడాదికి ఆ ఉద్యోగం ఉండదు.

పాస్‌పోర్టు సంగతి మరీ ఘోరం. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) కింద ఆపేస్తారు. 1993 నాటి నోటిఫికేషన్ ఒకటుంది, కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. కోర్టు గడువు రాయకపోతే ఏడాదికే ఇస్తారు. మా బ్యాచ్ వాళ్లు అమెరికా వెళ్లారు. నేను ఆ అనుమతి పిటిషన్ మీద తిరిగాను.

కృష్ణలంక_కుర్రోడు
@బ్రాడీపేట_4వలైను అన్నా మీరు నిజంగా రాయి వేశారా?

బ్రాడీపేట_4వలైను
@కృష్ణలంక_కుర్రోడు వేయలేదు. నినాదాలిచ్చాను. కానీ పక్కవాడు రాళ్లు ఏరుతుంటే చూసి కూడా అక్కడే ఉన్నాను.

బందరురోడ్డు_ప్లీడరు
బుల్లోడు గారు చెప్పిన ఉపసంహరణ సంగతి తేల్చేద్దాం, చాలామంది దీన్ని నమ్ముకుని కేసు పట్టించుకోరు. ప్రభుత్వం జీవో ఇస్తే కేసు పోదు. పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, తన బుర్ర పెట్టి ఆలోచించి పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. పాత 321, ఇప్పుడు 360. కేరళ అసెంబ్లీలో ఎమ్మెల్యేల రభస కేసును ఉపసంహరించుకుంటామని అక్కడి ప్రభుత్వం అంటే 2021లో సుప్రీంకోర్టు కుదరదంది. మన గుంటూరులో 2018 మేలో పాత గుంటూరు స్టేషన్ మీద దాడి జరిగింది కదా, ఆ కేసులు ఎత్తేస్తూ 2020లో జీవో వస్తే అదీ హైకోర్టులో సవాలైంది. కొత్త చట్టంలో ఇంకోటి చేర్చారు, బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకి కోర్టు ఒప్పుకోకూడదు.

ప్రభుత్వం మారితే కేసులు పడుకోవడమే కాదు, లేస్తాయి కూడా. మంగళగిరిలో 2021 అక్టోబర్ 19న పార్టీ ఆఫీసు మీద దాడి కేసులో 2024లో అరెస్టులు జరిగాయి. మూడేళ్లు హాయిగా తిరిగినవాళ్లు ముందస్తు బెయిల్ కోసం హైకోర్టుకి పరిగెత్తారు.

రిటైర్డ్_హెచ్‌సీ_గుంటూరు
ప్లీడరు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, ఒకసారి గొడవ కేసులో పేరు పడితే ప్రతి ఎన్నికకీ బైండోవర్‌కి, అంటే గొడవ చేయనని బాండు రాయడానికి, పిలుస్తారు. రెండోసారి ఇలాంటి దాంట్లో దొరికితే రౌడీ షీటు దాకా పోతుంది. ఆ షీటు తెరవడం తేలిక, మూయించడం చాలా కష్టం.

సింగ్‌నగర్_అక్క
ఈరోజు 35(3) నోటీసు వచ్చింది. ఎల్లుండి రమ్మన్నారు.

ఇంకో విషయం. కిరాణా అన్న అడిగాక నేను వాకబు చేశాను. ఆ బండి ఫుడ్ డెలివరీ చేసే అబ్బాయిదట. మా తమ్ముడి వయసే. సందు చివర ఆపి ఆర్డర్ ఇవ్వడానికి మేడ మీదికెళ్లాడు, దిగేసరికి మంటలు. బండి లోను వాయిదాలు ఇంకా కట్టాల్సి ఉందట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉందట, తన బండికి డబ్బు రాదు. ఇప్పుడు అద్దె సైకిల్ మీద తిరుగుతున్నాడు. ఈ సంగతి చెప్తే మావాడు రాత్రంతా మాట్లాడలేదు. పొద్దున లేచి తన అకౌంట్లో ఉన్న డబ్బు ఆ అబ్బాయికి ఇచ్చి వస్తానంటున్నాడు. నాన్న వద్దంటున్నాడు, ఇస్తే వాడే చేశాడని ఒప్పుకున్నట్టే అంటున్నాడు. ఏం చేయమంటారు?

వన్‌టౌన్_కిరాణా
ఇవ్వమనండి. ఇందులో అడిగేదేముందమ్మా. ఆ ఒక్క పని మా నాన్న విషయంలో ఎవడైనా చేసుంటే నేనీరోజు ఇంకోలా మాట్లాడేవాణ్ణి.

బందరురోడ్డు_ప్లీడరు
ఆగండి ఆగండి. మనసు మంచిదే, దారి సరైంది కాదు. ఆ అబ్బాయి ఈ కేసులో సాక్షి. ముద్దాయి నేరుగా వెళ్లి డబ్బు చేతిలో పెడితే సాక్షిని కొంటున్నాడని పోలీసులు రాస్తారు. బెయిల్ వచ్చాక అయితే సాక్షుల జోలికి వెళ్లొద్దని షరతు ఉంటుంది, దాన్ని మీరినట్టవుతుంది. ఆ కుర్రాడు కూడా ఇబ్బందుల్లో పడతాడు.

వన్‌టౌన్_కిరాణా
అంటే న్యాయం చేయడానికి కూడా చట్టం అడ్డేనా? ఏడేళ్లు తర్వాత కేసు కొట్టేస్తారు, ఆ బండి పిల్లాడు ఏడేళ్లు సైకిల్ తొక్కాలా?

బందరురోడ్డు_ప్లీడరు
దారి ఉంది, వినండి. 2018లో కొడుంగల్లూరు ఫిల్మ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, ఆస్తి ధ్వంసం కేసుల్లో నష్టం లెక్కగట్టి ఆ సొమ్ము కట్టాలన్న షరతు మీద బెయిల్ ఇవ్వవచ్చు. దానికి ముందు 2009లోనే జస్టిస్ థామస్, నారిమన్ కమిటీల నివేదికల మీద మార్గదర్శకాలున్నాయి. కాబట్టి మీ ప్లీడరు చేత బెయిల్ పిటిషన్‌లోనే రాయించండి, నేరం ఒప్పుకోవడం కాదు, ఆ బండి యజమాని నష్టంలో మా వంతు కోర్టులో జమ చేయడానికి సిద్ధం అని. కోర్టు ద్వారా వెళ్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. నిజం చెప్పాలంటే ముద్దాయి వైపు నుంచి ఇలా అడిగిన కేసులు నాకు అరుదుగా తగిలాయి.

లబ్బీపేట_టీచర్
ఏ-27 ఒక్కడు కడితే చాలదు కదా సర్, మిగతా ఇరవై ఆరు మంది? ఆ పిలిచిన పెద్దమనిషి?

బందరురోడ్డు_ప్లీడరు
ఒకడు మొదలుపెడితే మిగతావాళ్లను కోర్టు అడగడానికి వీలుంటుంది మేడం. పిలిచినవాడి పేరు సాక్ష్యంలో వస్తే విచారణ మధ్యలోనైనా కోర్టు అతన్ని ముద్దాయిగా చేర్చవచ్చు. పాత 319, ఇప్పుడు 358.

సింగ్‌నగర్_అక్క
నాన్నకి ఇది చదివి వినిపించాను. కోర్టు ద్వారా అయితే సరే అన్నాడు. రీల్ గురించి ఒక డౌట్ సర్. అది వాడు కాదని అనొచ్చు, వీడియో చెల్లదని అనొచ్చు అని పక్కింటాయన అంటున్నాడు.

బందరురోడ్డు_ప్లీడరు
వీడియో కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఏ ఫోన్‌తో తీశారు, ఫైలు మార్చలేదని చెప్పే హ్యాష్ విలువ, అన్నీ అందులో ఉండాలి. 2020లో సుప్రీంకోర్టు ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అని తేల్చింది. అసలు ఫోనే కోర్టు ముందుకి తెస్తే వేరు. వాట్సాప్‌లో తిరిగిన కాపీ తెచ్చి పెడితే మీ ప్లీడరు అభ్యంతరం చెప్తాడు. చెప్పాలి కూడా.

వన్‌టౌన్_కిరాణా
ఇదే నాకు మండేది. వేసింది వీడే అని ఇంట్లోవాళ్లకి తెలుసు, ఇక్కడ మనందరికీ తెలుసు. కాగితం లేదని తప్పించడమా?

బందరురోడ్డు_ప్లీడరు
@వన్‌టౌన్_కిరాణా ఆ కాగితం బ్రాడీపేట తమ్ముడి లాంటివాళ్ల కోసం అండి. రాయి వేయని ఏ-19, వేసిన ఏ-27 ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు. ఎవరు ఎవరో తేల్చడానికి కోర్టు దగ్గర ఉన్న జల్లెడ అదొక్కటే. మీ కొట్టు కేసులో ఆ పని పోలీసులు సరిగ్గా చేసుంటే శిక్ష పడేది. రుజువు గట్టిగా అడిగితే దర్యాప్తు గట్టిగా జరుగుతుంది, నాకు తెలిసి వేరే మార్గం లేదు.

వన్‌టౌన్_కిరాణా
@బందరురోడ్డు_ప్లీడరు ఈ మాట 88లో ఎవరూ మాకు చెప్పలేదు.

లబ్బీపేట_టీచర్
@సింగ్‌నగర్_అక్క పరీక్షల గురించి కంగారు పడొద్దు. కేసు ఉందని హాల్ టికెట్ ఆపరు. కానీ రేపు ఉద్యోగం ఫారంలో "మీ మీద క్రిమినల్ కేసు ఉందా" అని ఉంటే ఉందనే రాయించండి. దాచి ఉద్యోగంలో చేరితే తర్వాత తీసేయవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా స్టూడెంట్ ఒకతను కానిస్టేబుల్ సెలక్షన్‌లో చిన్న కొట్లాట కేసు దాచాడు. కొట్టేసిన కేసే. వెరిఫికేషన్‌లో బయటపడి పోయింది. నిజం రాసుంటే బతికిపోయేవాడేమో.

బ్రాడీపేట_4వలైను
ఇది వందశాతం నిజం. నేను ప్రతి ఫారంలో రాశాను. రెండు చోట్ల తిరస్కరించారు, మూడోచోట పిలిచి అడిగి తీసుకున్నారు.

కృష్ణలంక_కుర్రోడు
శిక్ష పడితే జైలుకేనా సార్? గాంధీనగర్ జైలా, రాజమండ్రా?

బందరురోడ్డు_ప్లీడరు
అంత దూరం పోకు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. 21 ఏళ్లు నిండని వాళ్లని, యావజ్జీవం పడే నేరం కాకపోతే, తప్పనిసరి అనుకుంటే తప్ప జైలుకి పంపొద్దని సెక్షన్ 6. కానీ ఇందులో మెలిక ఉంది. వయసు లెక్క నేరం జరిగిన రోజుది కాదు, కోర్టు దోషి అని తేల్చే రోజుది. కేసు ఈడ్చుకుంటూ పోతే ఈ అబ్బాయికి ఆ వయసు దాటిపోతుంది. అప్పుడు సెక్షన్ 4 అడగాలి, దానికి వయసు పట్టింపు లేదు, సత్ప్రవర్తన బాండు మీద వదలవచ్చు. పీడీపీపీలో కనీస శిక్ష ఉన్న క్లాజు పెట్టారా లేదా అన్నది ఇక్కడ తేడా తెస్తుంది. అందుకే మొదటే చూసుకోమన్నాను. వాయిదాలు సాగదీసే ప్లీడరు కన్నా త్వరగా విచారణ జరిపించుకునే ప్లీడరు మీకు మేలు.

సింగ్‌నగర్_అక్క
ప్లీడరు ఫీజు ఎక్కడ తేవాలో తెలీక ఇన్నాళ్లూ ఆగాం సర్.

బందరురోడ్డు_ప్లీడరు
కోర్టు ప్రాంగణంలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్లకి ఉచితంగా ప్లీడరును ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. నోటీసు కాపీ, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం పట్టుకెళ్లండి. స్టేషన్‌కి వెళ్లేలోపు ఈ పని చేయండి. అక్కడ అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పొచ్చు, తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు, అది రాజ్యాంగం 20(3). ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

రిటైర్డ్_హెచ్‌సీ_గుంటూరు
ఫోన్ అడిగితే ఇవ్వండి, ఇచ్చినట్టు పంచనామా కాపీ అడిగి తీసుకోండి. అడిగితే కోప్పడే ఎస్సైలు ఉంటారు, అయినా అడగండి.

సింగ్‌నగర్_అక్క
వెళ్లొచ్చాం. పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపించారు. ఫోన్ తీసుకున్నారు, పంచనామా కాపీ ఇచ్చారు. న్యాయసేవ వాళ్లిచ్చిన లాయరమ్మ మాతోనే ఉన్నారు, బెయిల్ పిటిషన్‌లో బండి నష్టం జమ చేసే మాట రాస్తానన్నారు. ఆవిడకీ అది నచ్చింది. కానిస్టేబుల్ గారు డిశ్చార్జి అయ్యారట, అది విన్నాక అమ్మ దీపం పెట్టింది. ఇద్దరు జామీనుదారుల్ని సిద్ధం చేసుకోమన్నారు. మా బాబాయి, మేనమామ వస్తామన్నారు. బాబాయి ఇంటి కాగితాలు వరదలో తడిసి పాడయ్యాయి, ఏమివ్వాలి?

బ్రాడీపేట_4వలైను
ఇంటిపన్ను రసీదు సచివాలయంలో మళ్లీ తీసుకోవచ్చు. దాంతోపాటు ఆధార్, ఫోటోలు. మా కేసులో ఉద్యోగస్తుల జీతం సర్టిఫికెట్ కూడా ఒప్పుకున్నారు.

వన్‌టౌన్_కిరాణా
మేనమామ రాలేకపోతే చెప్పమ్మా. కొట్టు నా పేరు మీదే ఉంది, పన్ను రసీదు ఉంది. నేనొచ్చి జామీను ఉంటాను. ఆ అబ్బాయి బండి డబ్బు జమ అయ్యాకే సుమా.